చెర్రీ, తాడు, తారు

ఆ గదిలో మనుషులకు పేర్లుండవు. పొగాకు డబ్బాలకే ఉంటాయి.

పైపు పొగాకు అమ్మే దుకాణం వెనక గది అది. ముందు కౌంటరు దగ్గర పేరు, ఉద్యోగం, హోదా ఏమైనా చెప్పుకోవచ్చు. వెనక గది గుమ్మం దాటాక మాత్రం ఎవరు ఏ రకం కాలుస్తారో అదే వాళ్ళ పేరు. ఇంకో పేరు అడగకూడదు, చెప్పకూడదు. ఈ పద్ధతి పెట్టినవాడు దుకాణం యజమాని, పెద్దాయన. నిన్న సాయంత్రం అదే గదిలో, ఆకును అదిమే యంత్రం తాలూకు ఇనుప పిడితో ఎవరో తల మీద కొడితే ఆ పెద్దాయన చనిపోయాడు. కొట్టింది కోడలేనని పోలీసులు చీకటి పడకముందే తేల్చేసి, ఆమెను స్టేషన్లో కూర్చోబెట్టారు. ఈ సాయంత్రం జడ్జి ముందు నిలబెడతారు.

ఈలోగా అది అబద్ధమని తేల్చాల్సిన మనిషి, అంటే మన డిటెక్టివ్, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది.

ఆమెకు పొగ పడదు. పెళ్ళయిన కొత్తలోనే మొగుడి పైపు గురించి ఒక ఒప్పందం కుదిరింది. వెనిల్లా వాసన వేసే తియ్యటి పొగాకయితే బాల్కనీలో కాల్చుకోవచ్చు. ఇంకేదయినా అయితే పైపుతోపాటు ఆయన పక్క కూడా బాల్కనీలోనే. ఆయన వకీలు, ఏ ఒప్పందాన్నయినా నాలుగు సార్లు తిరగేస్తే గాని ఒప్పుకునే రకం కాదు. అలాంటిది దీనికి మాత్రం మారు మాట్లాడకుండా తలూపి, "నాకూ అదే ఇష్టమోయ్" అన్నాడు. పదిహేనేళ్ళుగా ఆమె ఆ మాటను అప్పుడప్పుడూ బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల దాచుకుంటూనే ఉంది.

ఈ కోడలి తరఫున కేసు పట్టిందీ ఆయనే. "పాపం, వెనకా ముందూ ఎవరూ లేని పిల్ల. నువ్వొకసారి వెళ్ళి చూడవూ?" అని పొద్దున్న కాఫీ తాగుతూ ఆమెను ఇక్కడికి పంపిందీ ఆయనే.

ఎదురుగా బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన కాలేజీ లెక్చరర్. చెర్రీ పండ్ల వాసన వేసే పొగాకు కాలుస్తాడు గనక ఈ గదిలో ఆయన పేరు చెర్రీ. ఇంకొకాయన రిటైరైన ఓడ కెప్టెన్. ఇక్కడ ఆయన పేరు తాడు. ఆయన కాల్చే పొగాకు నల్లటి తాడులా పేని ఉంటుంది. కత్తితో ముక్కలు తరుక్కోవాలి.

"శవాన్ని మొదట చూసింది మీరేగా?" అని కెప్టెన్‌ని అడిగింది డిటెక్టివ్.

"నేనేనమ్మా. వెనక సందులోంచి వచ్చాను. నాలుగున్నర."

"సుమారు నాలుగున్నరా?"

"ముప్ఫై ఏళ్ళు ఓడ నడిపినవాణ్ణి. సుమారుగా వస్తే ఓడ రేవులో ఆగదు, రాళ్ళ మీద ఆగుతుంది."

"ఆయన నడిపింది ఇసక మోసే ఓడండీ," అన్నాడు లెక్చరర్, గోడ వంక చూస్తూ.

"ఈయన కాల్చేది పొగాకు కాదమ్మా, పిల్లల దగ్గు మందు."

"మీది కాలిస్తే దగ్గుకే దగ్గొస్తుంది."

"కాస్త ఆగుతారా ఇద్దరూ?" అంది డిటెక్టివ్. ఇంట్లో పిల్లలు లేని లోటు ఈ ఉద్యోగం తీరుస్తుందని ఆమెకు తరచూ అనిపిస్తుంటుంది. "రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు గదా. ఒకరి పొగాకు ఒకరు ఎప్పుడైనా కాల్చి చూశారా?"

"ఛీ!" అన్నారిద్దరూ ఒక్కసారే. నిన్నటి నుంచి వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

లెక్చరర్ గొంతు సవరించుకున్నాడు. "పొగాకు సంగతి అలా ఉంచండి. పైపు కూడా అంతే. ఒక పైపులో ఒక రకమే కాల్చాలి. కొయ్య వాసన పట్టేస్తుంది. మీరు చేపలు వేయించిన మూకుట్లో పాలు కాస్తారా?"

"కాయను."

"అంతే. అదిగో ఆ గోడ మీద చూడండి. పెద్దాయన రుచి చూసే పైపులు. ఒక్కో ఆకుకీ ఒక్కోటి."

గోడకు బిగించిన చెక్కలో డజనుకు పైగా పైపులు వరసగా గుచ్చి ఉన్నాయి. మధ్యలో ఒక్కచోట ఖాళీ. "ఏది దేనికో చీటీలు అంటించలేదే?"

"ముక్కుండగా చీటీ ఎందుకమ్మా?" అన్నాడు కెప్టెన్.

"సరే. మీరొచ్చేసరికి ఏం కనిపించింది?"

"పెద్దాయన యంత్రం పక్కన పడి ఉన్నాడు. బల్ల మీద, నాలుగో కుర్చీ ముందు, ఒక పైపు. నల్లటిది, నిటారు కాడ. చెయ్యి వేసి చూశాను, వేడిగా ఉంది. సందు చివర కానిస్టేబుల్ కనబడితే పిలిచి చెప్పాను. ఆ వేడి పైపు సంగతి అతను అప్పుడే రాసుకున్నాడు."

"నాలుగో కుర్చీ ఎవరిది?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇంతలో ముందు తలుపు తోసుకుని ఇనస్పెక్టర్ లోపలికి వచ్చాడు.

"వచ్చేశావా వదినా! ఊళ్ళో ఎవరు పోయినా పరామర్శకి నాకంటే ముందే వచ్చేస్తావు."

ఇనస్పెక్టర్ ఆమెకు స్వయానా మరిది. ఆదివారాలు ఆమె చేతి వంట తింటాడు. మిగతా ఆరు రోజులూ ఆమె పనికి అడ్డం పడతాడు.

"నువ్వు తొందరపడి ఎవర్నో ఒకర్ని లోపల వేస్తావు. నేనొచ్చి బయటికి తీయాలి. ఎవరి పని వాళ్ళది," అంది డిటెక్టివ్.

"ఈసారి ఆ అవసరం లేదు. ఈ గది మూసేసి సెంటు సీసాలు అమ్ముదామని కోడలు, నా ప్రాణం పోయాకే మూసుకో అని మామగారు. వీధి వీధంతా విన్నారు. నిన్న ముందు వైపు నుంచి ఎవరూ లోపలికి రాలేదు. ఉన్నది ఆమె ఒక్కతే. పిడి మీద ఆమె వేలిముద్రలు."

"రోజూ ఆ యంత్రం తుడిచేది ఆమేగా. మా వంటింటి కత్తి మీద నా వేలిముద్రలే ఉంటాయి. రేపు నిన్నెవరైనా దాంతో పొడిస్తే నేనేనంటావా?"

"నువ్వయితే అంటాను వదినా," అని నవ్వి, సీలు వేసిన సంచీ ఒకటి బల్ల మీద పెట్టాడు. సీలు విప్పి, నల్లటి పైపు బయటికి తీశాడు. "కెప్టెన్ గారూ, మీరు నిన్న చూసిన పైపు ఇదేనని ఇక్కడ సంతకం పెడితే మీకు సెలవు. ఇది పెద్దాయనదే. ఒక్కడే కూర్చుని కాల్చుకుంటున్నాడు. కోడలొచ్చింది. మాటా మాటా పెరిగింది. అంతే. నాలుగో కుర్చీ ఉంది గానీ నాలుగో మనిషి లేడు."

కెప్టెన్ కలం అందుకుని వంగి చూశాడు. "నల్లటిదే... నిటారు కాడే..."

"ఒక్క క్షణం. సంతకం తర్వాత. ముందు వాసన చూడండి," అంది డిటెక్టివ్.

"పొగాకు వాసన వస్తుంది వదినా. మల్లెపూల వాసన వస్తుందా?"

"చూస్తే నీ సొమ్మేం పోయింది?"

లెక్చరరే ముందు అందుకున్నాడు. ఒక్క పీల్పుకి ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "అరె! ఇందులో ఉన్నది నా చెర్రీ!"

ఇనస్పెక్టర్ గిరుక్కున ఆయన వైపు తిరిగాడు. "అలాగా? అయితే నిన్న నాలుగింటికి తమరెక్కడున్నారు?"

"క్లాసులో. డెబ్బై మంది సాక్షులు. సగం మంది నిద్రపోతున్నారనుకోండి, అయినా ముప్ఫై అయిదు మంది మిగుల్తారు. అది కాదయ్యా, ఈ పైపు నాదెలా అవుతుంది? ఇది తారు కాల్చే పైపు!"

కెప్టెన్ లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నిజమే. పైన చెర్రీ, కొయ్య నిండా తారు. ఇది గోడ మీద పైపమ్మా! కట్టెల పొగలో ఆరబెట్టిన నల్ల ఆకునే మేం తారంటాం, దాని రుచి చూడ్డానికి పెద్దాయన ఉంచుకున్నది. ఇందులో చెర్రీ పోయడమా? ఎవడయ్యా ఈ పాపిష్టి పని చేసింది?"

మనిషి చచ్చిపోయినందుకు కూడా ఆయన గొంతు అంత వణకలేదు.

డిటెక్టివ్ చేతిరుమాలు జేబులో కుక్కి, తలపిన్ను తీసి పైపు గిన్నెలో గుచ్చింది. దిండులో దూది కూరినట్టు బిగుసుకుపోయి ఉంది, పిన్ను దిగలేదు. అంచులంట పెకిలించి కాగితం మీద దులిపింది. పైన గోరంత మందాన మాడింది. కిందంతా పచ్చి ఆకే.

"కెప్టెన్ గారూ, ఇంత గట్టిగా కూరితే పైపు అంటుకుంటుందా?"

"ఊపిరే ఆడదు. అడుగున వదులుగా పోసి, పైకొచ్చేకొద్దీ కాస్త కాస్తే నొక్కుకుంటూ రావాలి."

"మీరు ముట్టుకున్న పైపు వేడిగా ఉందన్నారు. అంటే సగమైనా కాలి ఉండాలి. ఇది కాలిన పైపు కాదు, కాలినట్టు ముస్తాబు చేసిన పైపు. అసలుది తీసేసి, గోడ మీంచి దాన్ని పోలింది వెతికి, చేతికందిన పొగాకు జాడీలోంచి ఇంత కూరి, పైన అగ్గిపుల్ల చూపించి వెళ్ళారు. పొగాకంతా ఒకటే అనుకునేవాడి పని ఇది."

"అంటే పైపు అలవాటు లేనివాళ్ళు," అన్నాడు ఇనస్పెక్టర్ వెంటనే. "కోడలికి అలవాటు లేదు. నా కేసు ఇంకాస్త గట్టిపడింది. థాంక్స్ వదినా."

మరిది ఇంత చురుగ్గా ఆలోచించడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎవరో కొరడాతో అదిలిస్తున్నట్టుంది.

"ఆ అమ్మాయా!" అన్నాడు లెక్చరర్. "కాల్చదు గానీ, ఈ జాడీలన్నీ నింపేది ఆమే కదండీ. తారు జాడీ మూత తెచ్చి నా చెర్రీ మీద పెట్టాడని పెద్దాయన్నే దులిపేసింది. కళ్ళు మూసుకుని కూడా ఈ పని చేయదు."

"చేద్దామన్నా కుదిరేది కాదు," అన్నాడు కెప్టెన్. "పైపు ముట్టుకున్నప్పటి నుంచి గుమ్మంలో నేనూ కానిస్టేబులూ నిలబడి ఉన్నాం. ఆ పిల్లని లోపలికి రానివ్వలేదు."

"మరి లోపలికి ఎవరొచ్చారు?"

కెప్టెన్ ఇనస్పెక్టర్ వంక చూశాడు.

"ఫొటోలు తీసేదాకా గది చెదరకూడదని తలుపేశాను. అది నా డ్యూటీ వదినా."

"లోపల నువ్వొక్కడివే ఉన్నావా?"

"ఇదేం ప్రశ్న?"

"చిన్న ప్రశ్నే." ఆమె ఇక మరిది వైపు చూడలేదు. చూస్తే తన మొహం ఏం బయటపెడుతుందోనని భయం వేసింది. ఇన్నాళ్ళూ అతను తొందరపాటు మనిషనుకుంది, అబద్ధాలకోరు అనుకోలేదు. "లెక్చరర్ గారూ, నాలుగో కుర్చీ సంగతి చెప్పండి."

"ఆ కుర్చీ తారుది. ఏడాదిన్నరగా వస్తున్నాడు, వెనక సందులోంచే. ముందు వైపు ఎప్పుడూ రాడు. కోడలు అతన్ని చూసి కూడా ఉండదు. మంచి మాటకారి. ఏ వృత్తో మేం అడగలేదు, అడక్కూడదు కదా. వచ్చేముందు కోటు మార్చుకునేవాడు, వెళ్ళేముందు నోరు పుక్కిలించేవాడు."

"ఎందుకట?"

"వాళ్ళావిడకి ఆ వాసన పడదట. ఇంట్లో వెనిల్లా కాలుస్తాడట పాపం." లెక్చరర్‌కి నవ్వు ఆగలేదు. "'పదిహేనేళ్ళుగా ఐస్‌క్రీమ్ కాలుస్తున్నానయ్యా! మా ఆవిడేమో అదంటే నాకు ప్రాణమనుకుంటోంది' అనేవాడు. ఆవిడ బాల్కనీలోకొచ్చి గాలి పీల్చి మురిసిపోవడం నటించి చూపించేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం."

డిటెక్టివ్ కూడా నవ్వడానికి ప్రయత్నించింది. ఊళ్ళో వెనిల్లా కాల్చే మొగుళ్ళు ఎంతమంది లేరు!

"కెప్టెన్ గారూ, నిన్న మీరు చూసిన పైపు తారుదేనా?"

"ఇప్పుడు బాగా గుర్తొస్తోందమ్మా. అతనిదే. దీని కాడ చూడండి, వట్టిది. నిన్నటి దానికి రబ్బరు తొడుగు ఉంది. కంటి చుక్కల సీసా మూతకి ఉంటుందే, ఆ రబ్బరు బుడ్డి. చివర కోసి తొడిగాడు. పన్ను కట్టించుకున్నాడట, కొరికితే ఊడిపోతుందని."

ఆ రబ్బరు కోసింది ఆమే. రెండేళ్ళ కిందట, వంటింట్లో, తన కుట్టుపని కత్తెరతో. కోస్తున్నప్పుడు వేలు తెగితే ఆయనే గుడ్డ చుట్టాడు. తర్వాత కొన్నాళ్ళకి పైపు రైల్లో పోయిందని దిగాలుగా ఇంటికొస్తే, పోతే పోయిందిలెండి అని ఆ పూటంతా ఓదార్చింది.

"మీరిద్దరూ కాసేపు ముందు గదిలో కూర్చుంటారా?" అంది. గొంతు మామూలుగానే పలికింది. అందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

వాళ్ళు వెళ్ళి తలుపు మూసుకునేదాకా మరిదీ వదినా ఇద్దరూ బల్ల మీద పైపునే చూస్తూ ఉండిపోయారు.

"ఎక్కడుంది అది?" అంది ఆమె.

"కాలవలో." ఇనస్పెక్టర్ టోపీ తీసి పక్కన పెట్టాడు. టోపీ లేకపోతే అచ్చు అన్నలాగే ఉంటాడు. "నా మొదటి జీతంతో కొనిచ్చిన పైపు వదినా. గుమ్మంలోంచే గుర్తుపట్టాను. వేడి పైపని కానిస్టేబుల్ రాసేసుకున్నాడు, ఏదో ఒకటి అక్కడ ఉండి తీరాలి. నాకేం తెలుసు, వీళ్ళు పైపుకో కులం గోత్రం పెట్టుకుంటారని?"

"ఎందుకు చంపాడు?"

"కావాలని కాదు. తోపులాటలో..."

"ఎందుకని అడిగాను."

అతను గోడ వైపు తిరిగాడు. "ఆ లారీ డ్రైవర్ కేసు గుర్తుందా?"

గుర్తుండకేం. పిల్లవాణ్ణి గుద్దేసిన కారు వేరే ఉందని, డ్రైవర్ తప్పు లేదని చెప్పగల ఒకే ఒక్క సాక్షిని ఆమే కాళ్ళరిగేలా తిరిగి పట్టుకుంది. డ్రైవర్ తరఫు వకీలు తన మొగుడే. ఆ సాక్షిని ఆయన చేతిలోనే పెట్టింది. విచారణ రోజుకి సాక్షి మాయమయ్యాడు. దొరకలేదని జైలుకెళ్ళి డ్రైవర్‌కి చెప్పి, తల దించుకుని వచ్చింది కూడా ఆమే. అతనింకా లోపలే ఉన్నాడు.

"సాక్షిని అన్నయ్యే పంపేశాడు," అన్నాడు మరిది. "కారు వాళ్ళు పెద్దవాళ్ళు, వాళ్ళకి మాటిచ్చాడు. పేర్లు లేని గది కదా అని ఇక్కడో రోజు అదంతా కథలా చెప్పాడట, ఎవరిదో సంగతి అన్నట్టు. మొన్న పేపర్లో నల్లకోటుతో అన్నయ్య ఫొటో పడింది. పెద్దాయన చూశాడు. ఆ డ్రైవర్ సంగతి నువ్వు మీ ఆవిడకి చెప్తావా, నన్ను చెప్పమంటావా అని అడిగాడట. కోర్టుకి చెప్తానన్నా ఇంత కంగారు పడేవాడు కాదేమో. నీకు చెప్తాననేసరికి..."

"నా మీద ప్రేమ కొద్దీ చంపాడంటావు!"

"వదినా..."

"మరి ఈ కేసులోకి నన్నెందుకు దింపాడు?"

ఇనస్పెక్టర్ తడబడ్డాడు. "నీకీ వాసన పడదు కదా. గుమ్మంలోనే ముక్కు మూసుకుని వెనక్కి వచ్చేస్తావు, నువ్వే చూసి ఏమీ దొరకలేదన్నావంటే ఇంకెవరూ వెతకరు అన్నాడు."

అన్నిటికంటే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. ఆయన ఆమెను మోసగించడమే కాదు, కొలిచి మరీ మోసగించాడు. ఏ గుమ్మం దగ్గర ఆగిపోతుందో, ఏ మాటకి మురిసిపోతుందో, అన్నీ లెక్క చూసి పెట్టుకున్నాడు.

అప్పుడు తట్టింది. కోడలి వకీలు ఆయనే. ఈ క్షణాన ఆ పిల్ల పక్కన కూర్చోగలిగిన ఒకే ఒక్క మనిషి ఆయన.

ఆమె ఫోను తీసింది. రెండో మోతకే ఎత్తాడు.

"ఏమోయ్, దొరికిందా ఏమైనా?" అదే గొంతు, పొద్దున కాఫీ అడిగిన గొంతు.

"ఎక్కడున్నారు?"

"స్టేషన్లోనే. మన పిల్లకి నాలుగు మంచి మాటలు చెబుతున్నాను."

ఆయన వెనక నుంచి సన్నగా, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన ఆడగొంతు వినిపించింది. "సంతకం ఎక్కడ పెట్టమంటారు సార్?"

"ఏం సంతకం అది?"

"కోపంలో జరిగిపోయిందని ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని చెప్పాను. అర్థం చేసుకుంది. మంచి పిల్ల."

"ఫోను ఆ అమ్మాయికివ్వండి."

"ఎందుకూ? నువ్వెక్కడున్నావు?"

"పొగాకు దుకాణం వెనక గదిలో."

"ఇంకా అక్కడేనా! నువ్వా వాసన భరించలేవోయ్. ఇంటికెళ్ళిపో."

"భరిస్తున్నాను. తారు కూడా అంత ఘోరంగా ఏం లేదు. నాకే ముందు చెప్పి ఉంటే బాల్కనీలో కాల్చుకోనిచ్చేదాన్ని."

ఆమె ఫోన్లోకి గొంతు చించుకుని అరిచింది. "సంతకం పెట్టకమ్మా! నీ పక్కనున్నవాడే..."

ఫోను తెగిపోయింది. ఆ పిల్లకి వినిపించిందో లేదో తెలియదు.

డిటెక్టివ్ తన చేతిసంచీ భుజాన వేసుకుని వెనక తలుపు వైపు రెండడుగులు వేసింది. సందులోంచి పరిగెడితే స్టేషను పది నిమిషాల దూరం. అంతలో మరిది జేబులో ఫోను మోగింది.

"ఆఁ అన్నయ్యా," అన్నాడు. తర్వాత వింటూ నిలబడ్డాడు. ఆమె మొహం చూసి చూపు తిప్పుకున్నాడు. చివరికి "సరే" అని ఫోను పెట్టేసి, ఆమె కంటే ముందు వెళ్ళి వెనక తలుపు గడియ వేశాడు. వచ్చి ముందు తలుపు గడియ కూడా వేశాడు. అవతల గదిలో ఎవరి పొగాకు గొప్పదో తేల్చుకుంటున్న రెండు గొంతులు తలుపు మందం వల్ల సన్నగా వినిపిస్తున్నాయి.

"తలుపు తియ్యి."

"అరగంట వదినా. అన్నయ్య అరగంట అడిగాడు, అంతే." ఒక చెయ్యి నడుము దగ్గరి తుపాకీ మీద వేశాడు. రెండో చేత్తో బల్ల కింద నుంచి కుర్చీ లాగి ఆమె ముందు వేశాడు. "నిలబడ్డావేం? కూర్చో."

పదిహేనేళ్ళలో మరిది ఆమెకు కుర్చీ వేయడం అదే మొదటిసారి.